బండి తగిలితే దండుగ ఎవరిది?

గత మాసంలో ఒకనాటి సాయంకాలం మా వీధి మొగలో ఒక సంఘటన జరిగింది. చాలా చిన్నది. ఎవరి ఒంటిమీదా గీరుకైనా పడలేదు. అయినా అది నన్ను వారం రోజులు పాత పుస్తకాల ముందు కూర్చోబెట్టింది. అప్పుడు చదివినదీ, ఆలోచించినదీ మిత్రులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మలుపు దగ్గర ఒక ఆటో ఆగి ఉన్నది. ఎవరినో దింపి, చిల్లర కోసం డ్రైవరు జేబులు తడుముకుంటున్నాడు. మలుపులో బండి ఆపకూడదు; ఆపాడు. చీకటి పడుతున్నది, లైటు వేయలేదు. అదే సమయానికి ఎదురింటి ఆవరణలోనుంచి ఒక కారు వెనుకకు వస్తున్నది. నడుపుతున్నవాడు జీతానికి కుదిరిన డ్రైవరు. యజమాని వెనుక సీటులో కూర్చుని ఉన్నారు. ఆటో అబ్బాయి రెండుసార్లు హారను మ్రోగించాడు. కారు ఆగలేదు. దాని వెనుక మూల వచ్చి ఆటో ముందు భాగానికి తగిలింది. ఆటో అద్దం పగిలింది, మడ్‌గార్డు వంగింది. కారు వెనుక లైటు పగిలి, బంపరు ప్రక్కన సొట్ట పడింది.

ఇక వాదం మొదలయింది. "మలుపులో ఎవడు ఆపమన్నాడు? ఏడువేలు అవుతుంది, కట్టు" అని కారు యజమాని. "హారను కొట్టాను గదా సార్! వెనక్కి వచ్చింది మీరే గదా!" అని ఆటో అబ్బాయి. "వాడు కట్టకపోతే నీ జీతంలో కోస్తాను" అని యజమాని తన డ్రైవరుతో. ఆ డ్రైవరు తల వంచుకొని నిలబడ్డాడు. చుట్టూ చేరినవారిలో కొందరు, పెద్ద బండిదే తప్పు అన్నారు. మన వీధులలో చట్టం తెలిసినా తెలియకపోయినా అందరికీ తెలిసిన సూత్రం అది. ఇద్దరు పెద్దమనుషులు, "పోనీ, చెరిసగం వేసుకోండి, గొడవ వదిలిపోతుంది" అన్నారు. చివరకు అందరి చూపూ నా మీదకు తిరిగింది. "మాస్టారూ, మీరు గేటు దగ్గరే ఉన్నారు గదా, మీరు చెప్పండి."

నేను చూశాను. హారను విన్నాను. కాని ఆ యజమాని నాకు ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు. "బాగుచేయించి ఇద్దరూ రసీదులు తీసుకురండి, ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాను. తప్పించుకున్నానని ఇంటికి వచ్చిన తరువాత నాకే తెలిసింది. ఆ అసంతృప్తితోనే స్మృతులు తీశాను.

మనుస్మృతిలో ఎనిమిదవ అధ్యాయం వ్యవహారాలను, అంటే తగాదాలను గురించినది. ఆ గ్రంథం క్రీ.పూ. 2వ శతాబ్దికీ క్రీ.శ. 3వ శతాబ్దికీ నడుమ రూపొందిందని పండితులు సాధారణంగా అంటారు. అందులో 288వ శ్లోకం ఒక సామాన్య నియమం చెప్పుతుంది. తెలిసి గాని తెలియక గాని ఒకరి వస్తువును పాడుచేసినవాడు రెండు పనులు చేయాలి. ఆ వస్తువు సొంతదారుకు తుష్టి కలిగించాలి. నష్టానికి సమానమైన ధనం రాజుకు చెల్లించాలి. ఇక్కడ "తుష్టి" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మూల్యం అనలేదు, వెల అనలేదు. నష్టపోయినవాడి మనస్సు కుదుటపడాలి అన్నారు. అది వస్తువును బాగుచేయించి ఇవ్వడం కావచ్చు, మారు వస్తువు ఇవ్వడం కావచ్చు, ధనం కావచ్చు. రాజుకు కట్టే దండన వేరు, నష్టపోయినవాడికి ఇచ్చే తుష్టి వేరు అన్న వివేచన అంత పాత గ్రంథంలోనే స్పష్టంగా ఉన్నది.

ఆ వెంటనే 290 నుంచి 298 వరకు తొమ్మిది శ్లోకాలు కేవలం బండ్ల వలన కలిగే హానిని గురించినవి. ప్రధానంగా మనుష్యులకూ పశువులకూ కలిగే హాని వాటి విషయం. మొదట పది సందర్భాలలో దండన లేదంటారు. ఎద్దు ముక్కుతాడు తెగినప్పుడు, కాడి విరిగినప్పుడు, బండి అడ్డంగా తిరిగినప్పుడు, వెనుకకు మళ్ళినప్పుడు, ఇరుసు విరిగినప్పుడు, చక్రం విరిగినప్పుడు, బండి కట్లు తెగినప్పుడు, మెడకు కట్టిన పలుపు తెగినప్పుడు, పగ్గాలు తెగినప్పుడు, చివరిది పదవది - బండివాడు "తప్పుకో" అని కేకవేసినప్పుడు. సంస్కృతంలో ఆ కేక "అపేహి".

ఈ పట్టికను పైపైన చదివితే బండివాడికి పది దొడ్డిదారులు చూపినట్లు కనిపిస్తుంది. నిదానించి చూస్తే వీటన్నిటినీ కలిపే దారం ఒకటే. ఆ క్షణంలో బండి అతని చేతిలో లేదు. లేదా తాను చేయగలిగినది చేశాడు. తాడు తెగిన తరువాత ఎద్దు అతని మాట వినదు. ఇరుసు విరిగిన తరువాత బండి ఎవరి మాటా వినదు. కేకవేసిన తరువాత తప్పుకోవలసినది ఎదుటివాడు. అంటే స్మృతికారుడు అడిగే ప్రశ్న "ఎవరు ఎవరిని గుద్దారు?" అన్నది కాదు. "తప్పించగలిగినవాడు ఎవడు?" అన్నది.

తరువాతి రెండు శ్లోకాలు మా వీధిలో తల వంచుకొని నిలబడిన డ్రైవరును గురించి వ్రాసినట్లే ఉన్నాయి. తోలేవాడి అసమర్థత వలన బండి దారి తప్పి హాని జరిగితే దండన తోలేవాడికి కాదు, యజమానికి. రెండు వందల పణాలు. తోలేవాడు నేర్పుగలవాడయి ఉండి హాని చేస్తే మాత్రం దండన అతనిదే. నేర్పు లేనివాడని తెలిసి కూడా ఆ బండి ఎక్కినవారికి తలకు నూరు పణాలు. చేతకానివాడి చేతికి పగ్గాలు ఇచ్చినది ఎవరు అన్నది ఇక్కడి తర్కం. యజమాని తన బండితో పాటు తన ఎంపికకు కూడా బాధ్యుడు.

కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేస్తాడు. ఆయన అర్థశాస్త్రం చాలాకాలం కనుమరుగై ఉండి, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి తాళపత్ర ప్రతి 1905లో చిక్కిన తరువాత, 1909లో అచ్చయింది. అందులో నాలుగవ అధికరణంలో ఇవే ముక్కుతాడు, కాడి మినహాయింపులు ఉన్నాయి. వాటికి తోడు ఒక విశేషం ఉన్నది. తోలేవాడు బాలుడయితే బండిలో ఉన్న యజమానిని దండించాలి. యజమాని లేకపోతే బండిలో ఉన్న మరొకరిని, లేదా తోలేవాడు యుక్తవయస్కుడయితే అతనినే దండించాలి. పిల్లవాడు తోలుతున్న బండినీ, మనిషి లేకుండా పోతున్న బండినీ రాజు స్వాధీనం చేసుకోవాలి. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, మైనరు వాహనం నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా అన్నది. ఆ బండి రిజిస్ట్రేషనును పన్నెండు నెలలపాటు రద్దు చేయమన్నది. పణాలు రూపాయలయ్యాయి, ఎడ్ల బదులు ఇంజను వచ్చింది. పగ్గాలు ఎవరికి ఇచ్చావన్న ప్రశ్న మారలేదు.

మన తెలుగువారికి ఈ విషయంలో దగ్గరి చుట్టరికం ఒకటి ఉన్నది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076-1126) కాలంవాడు. ఆ కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణం. ఆ తరువాతి శతాబ్దంలో, అంటే 13వ శతాబ్దంలో, తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన ఆ ధర్మశాస్త్రాన్ని "విజ్ఞానేశ్వరీయము" పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్త కాండలుగా ఉన్న ఆ గ్రంథం తెలుగులో న్యాయాన్ని గురించిన తొలి రచనలలో ఒకటి. భాషాప్రవీణ చదివే రోజులలో మేము కేతనను ఆంధ్రభాషాభూషణ కర్తగా వ్యాకరణం కోసమే చదివాము. తగాదా తీర్చే పద్ధతి కూడా ఆయన తెలుగువాడికి తెలుగులో చెప్పాలనుకున్నాడన్న సంగతి అప్పుడు మనసుకు పట్టలేదు.

యాజ్ఞవల్క్యుని మాటలలో మూడు మా తగాదాకు పనికివచ్చాయి. ఒకటి: "అపేహి" అని హెచ్చరిస్తూ వస్తున్నవాడి పశువు వలన గాని బండి వలన గాని హాని కలిగితే దోషం లేదు. రెండు: కొమ్ములున్న పశువు, కోరలున్న పశువు ఇతరుల మీద పడుతుంటే ఆపగలిగి కూడా ఆపని యజమానికి దండన ఉన్నది, బాధితుడు మొరపెట్టిన తరువాత కూడా ఆపకపోతే అది రెండింతలు. మూడు: తెలిసి కూడా సాక్ష్యం చెప్పనివాడు దొంగసాక్షితో సమానం, పాపంలోనూ, దండనలోనూ. ఈ మూడవది చదివి పుస్తకం కాసేపు మూసి పెట్టాను.

వ్యవహారం నడపవలసిన తీరును కూడా ఆ స్మృతి నాలుగు పాదాలుగా చెప్పింది. వాది చెప్పుకొనేది, ప్రతివాది ఉత్తరం, ఋజువు, నిర్ణయం. ప్రతివాది ఉత్తరాలను మితాక్షర సంప్రదాయం నాలుగు రకాలుగా విభజిస్తుంది. జరగనే లేదనడం మిథ్య. జరిగింది, నాదే తప్పనడం సంప్రతిపత్తి. జరిగింది గాని దానికి కారణం వేరే ఉన్నదనడం కారణోత్తరం. ఇది ఇదివరకే తీర్పయిపోయిందనడం ప్రాఙ్న్యాయం. రోడ్డుమీద జరిగే తగాదాలు నూటికి తొంభై కారణోత్తరాలే. తగిలిందని ఇద్దరూ ఒప్పుకుంటారు. ఎందుకు తగిలిందన్న దగ్గరే కేకలు. ఋజువులు మూడు: వ్రాత, అనుభవం, సాక్షి. ఈనాడు సెల్‌ఫోనులో తీసిన ఫోటో, గేటుమీది కెమెరా వ్రాతతో సమానమనుకోవచ్చు. కాని హారను మ్రోగిందా లేదా అన్నది ఫోటోలో పడదు. దానికి చెవులున్న మనిషి కావాలి.

స్మృతులను ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. అదే మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేరువేరు దండనలు విధించింది. సాక్ష్యం చెప్పే అర్హతను కూడా అందరికీ సమానంగా ఇవ్వలేదు. ఆ తూకం ఈనాడు ఎవరికీ పనికిరాదు, పనికిరాకూడదు. పైగా స్మృతులు పండితుల విధివాక్యాలు. ప్రతి ఊరిలో ప్రతి తీర్పూ అలాగే జరిగిందనడానికి అవి సాక్ష్యం కావు. నేను తీసుకున్నది ఆ ప్రశ్న వేసిన తీరును మాత్రమే.

ఇక ఆధునిక కాలానికి వద్దాము. 1862లో మద్రాసు, బొంబాయి, కలకత్తాలలో హైకోర్టులు ఏర్పడ్డాయి. పౌరనష్టాల విషయంలో మనకు ప్రత్యేక శాసనం లేనిచోట మన న్యాయస్థానాలు న్యాయం, ధర్మం, మనస్సాక్షి అన్న పేరుతో ఎక్కువగా ఇంగ్లండు సూత్రాలనే అనుసరించాయి. కనుక మన బండి తగాదా తరువాతి కథ ఇంగ్లండు రోడ్లమీద నడిచింది.

1809లో అక్కడ ఒక తీర్పు వచ్చింది. డెర్బీ పట్టణంలో ఒకడు ఇల్లు బాగుచేసుకుంటూ దారికి అడ్డంగా ఒక గుంజ పెట్టాడు. మరొకడు మసక వెలుతురులో గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చి దానికి తగిలి పడ్డాడు. గుంజ పెట్టడం తప్పే. కాని నిదానంగా వస్తే అది కనిపించేది. తన తప్పు కూడా ఉన్నవాడు ఎదుటివాడినుంచి ఏమీ రాబట్టుకోలేడని న్యాయస్థానం తేల్చింది. పిసరంత తప్పున్నా పైసా రాదు. ఇది చాలా కఠినమైన సూత్రం.

1842లో గాడిద కేసుగా ప్రసిద్ధమైన మరొక తీర్పు వచ్చింది. ఒకడు తన గాడిద ముందుకాళ్ళకు బంధం వేసి రహదారిమీద మేతకు వదిలాడు. మూడు గుర్రాల బండి ఒకటి వేగంగా దిగి వచ్చి దానిమీదుగా పోయింది. గాడిదను అలా వదలడం తప్పు. అయినా బండివాడు కాస్త చూసుకొని ఉంటే తప్పించగలిగేవాడు. కనుక నష్టం బండివాడే ఇచ్చుకోవాలన్నారు. తప్పించే చివరి అవకాశం ఎవరిదో భారమంతా వారిదే అన్న సూత్రం ఇక్కడినుంచి పెరిగింది. మనువు పది మినహాయింపుల వెనుక ఉన్న ప్రశ్నకు ఇది చాలా దగ్గర.

సముద్రంమీద మాత్రం వేరొక పద్ధతి నడుస్తుండేది. రెండు ఓడలు ఢీకొని రెండింటి తప్పూ ఉంటే, నౌకా న్యాయస్థానం మొత్తం నష్టాన్ని కలిపి చెరిసగం చేసేది. మా వీధి పెద్దమనుషులు చెప్పినది ఇదే! ఎవరి తప్పు ఎంత అన్నదానితో పని లేదు. 1911లో ఆ చెరిసగాన్ని తొలగించి, తప్పు పాలును బట్టి నష్టం పంచాలని ఇంగ్లండులో చట్టం చేశారు. అదే సూత్రాన్ని 1945 చట్టంతో నేలమీది తగాదాలకూ తెచ్చారు. మన దేశమంతటికీ వర్తించేలా అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు. అయినా మన న్యాయస్థానాలు తప్పు పాలును బట్టి పంచే పద్ధతినే అనుసరిస్తున్నాయి. బాధితుని తప్పు కూడా ఉంటే అతనికి రావలసినదానిలో ఆ మేరకు తగ్గించడం ఒకటి. తన తప్పేమీ లేకుండా ఇతరులిద్దరి తప్పువలన నష్టపోతే పూర్తిగా పొందడం మరొకటి. ఈ రెండింటి భేదాన్ని సుప్రీంకోర్టు 2003లోనూ, 2008లోనూ స్పష్టంగా వివరించింది.

మోటారు వాహనాలకు దేశమంతటికీ వర్తించే తొలి చట్టం 1914లో వచ్చింది, తరువాతిది 1939లో. మూడవవారి నష్టానికి భీమా తప్పనిసరి చేసిన భాగం 1946లో అమలయింది. ప్రమాదాల నష్టపరిహారానికి ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు 1956 సవరణ దారి తీసింది. అయితే అవి ప్రాణనష్టం, గాయాల వరకే. పగిలిన అద్దం, వంగిన మడ్‌గార్డు ట్రిబ్యునలు గడప ఎక్కడానికి 1969 సవరణ దాకా ఆగవలసివచ్చింది. ఆస్తినష్టానికి చట్టం తప్పనిసరి చేసిన భీమా పరిమితి అప్పుడు 2,000 రూపాయలు, 1982లో 6,000. 1988 చట్టం కూడా ఆ 6,000నే ఉంచుకున్నది. 2002 నాటి మోటారు టారిఫు సొంత కార్లకు ఈ రక్షణను ఏడున్నర లక్షలకు, ద్విచక్రవాహనాలకు లక్షకు పెంచింది. పాత పరిమితిని చట్టంలోనుంచి తీసివేసినది 2019 సవరణ. ఆ భాగం 2022 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచినది ఒకటి ఉన్నది. మనువు ఒకే శ్లోకంలో చెప్పిన రెండు పనులు ఈనాడు రెండు వేరువేరు గడపలకు పోయాయి. రాజుకు కట్టే దండన పోలీసులకూ, క్రిమినలు కోర్టుకూ పోయింది. ప్రజలకు అపాయం కలిగేలా నిర్లక్ష్యంగా నడపడం ఇదివరకు శిక్షాస్మృతి 279 ప్రకారం, 2024 జూలై 1నుంచి భారతీయ న్యాయసంహిత 281 ప్రకారం నేరం. తుష్టి మాత్రం భీమా కంపెనీకీ, ట్రిబ్యునలుకూ పోయింది. రోడ్డుమీద జనం ఈ రెండింటినీ కలగలుపుతారు. "పోలీసు కేసు పెడతాను" అని బెదిరించి డబ్బు అడుగుతారు. కేసు పెట్టినంతమాత్రాన పగిలిన అద్దం అతుక్కోదు. అద్దం డబ్బు ఇచ్చినంతమాత్రాన నిర్లక్ష్యం నేరం కాకుండా పోదు.

ఆదివారం వచ్చింది. ఇద్దరూ రసీదులు తెచ్చారు. ఆటోకు 3,200, కారుకు 7,000. మొత్తం 10,200. నేను ముందుగా సాక్ష్యం చెప్పాను. "ఆటో మలుపులో ఆగింది, లైటు లేదు, ఇది నిజం. హారను రెండుసార్లు మ్రోగింది, నేను విన్నాను, ఇదీ నిజం. కారు ఆ తరువాత కూడా వెనుకకు వచ్చింది." యజమాని నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తున్నది. కాని మాట అయిపోయిన తరువాత నా మనస్సు తేలికపడింది.

ఆపైన ఒక కాగితంమీద లెక్క వేసి చూపించాను. 1809 నాటి సూత్రమయితే ఇద్దరికీ తప్పున్నది కనుక ఎవరి నష్టం వారిది. గాడిద కేసు సూత్రమయితే చివరి అవకాశం కారుది. ఆటోకు 3,200 ఇవ్వాలి. ఓడల చెరిసగమయితే ఒక్కొక్కరి పాలు 5,100. ఆటో అబ్బాయి నష్టం 3,200 మాత్రమే గనుక అతడే తిరిగి కారుకు 1,900 ఇవ్వాలి! ఈ మాట వినగానే చెరిసగం చెప్పిన పెద్దమనిషి, "అదేమిటి మాస్టారూ, తక్కువ తప్పున్నవాడు ఎదురు ఇవ్వడమేమిటి?" అన్నారు. సమానంగా పంచడమంటే సమంగా తూచడం కాదని ఆ అంకె ఒక్కటే చెప్పింది. ఖరీదయిన బండి ఎవరిదో వారికి చెరిసగం ఎప్పుడూ లాభమే.

యజమాని ఒక అభ్యంతరం చెప్పారు. "మీ శాస్త్రంలోనే బండి వెనుకకు వస్తే దండన లేదన్నారు గదా?" తెలివైన ప్రశ్న. నేను చెప్పినది ఇది. ఎద్దు వెనుకకు తగ్గితే అది తోలేవాడి ఇష్టం కాదు, అందుకే మినహాయింపు. కారు వెనుకకు వస్తే అది గేరు వేసినవాడి ఇష్టం. అక్షరాన్ని పట్టుకుంటే మీరు గెలుస్తారు, హేతువును పట్టుకుంటే ఓడుతారు. పైగా "తప్పుకో" అని కేకవేసినది కదులుతున్న మీరు కాదు, కదలకుండా ఉన్న అతడు. మొర విన్న తరువాత కూడా ఆపనివాడికి యాజ్ఞవల్క్యుడు రెండింతలన్నాడు.

చివరకు మూడు పాళ్ళు కారు తప్పు, ఒక పాలు ఆటో తప్పు అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మొత్తంలో నాలుగవ వంతు 2,550. ఆటో అబ్బాయి భరించవలసినది అంతే. అతనికి అయిన ఖర్చు 3,200. మిగిలిన 650 రూపాయలు యజమాని ఇచ్చారు. ఇద్దరికీ ఇక బాకీ లేదని తేదీ వేసి, వ్రాసుకొని, ఇద్దరూ సంతకాలు చేశారు. నేను సాక్షి సంతకం చేశాను. కారుకు సమగ్ర భీమా ఉన్నా ఆయన దానిని ముట్టుకోలేదు. వరుసగా అయిదేళ్ళు క్లెయిము లేనివారికి యాభై శాతం దాకా వచ్చే రాయితీని చిన్న సొట్ట కోసం పోగొట్టుకోవడం దండుగ అని ఆయన లెక్క. అది సరయిన లెక్కే.

ఇక్కడ మిత్రులకు రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇలాంటి రాజీలు ఎవరికీ దెబ్బ తగలనప్పుడే. మనిషికి గాయమయితే ముందు వైద్యం చూడాలి. 24 గంటలలో పోలీసులకు తెలియపరచాలి. అది చట్టం డ్రైవరుమీద పెట్టిన విధి. రెండవది, నష్టాన్ని భీమా నుంచి రాబట్టదలచుకుంటే, కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం గాని, డబ్బు ఇస్తానని మాట ఇవ్వడం గాని కూడదని పాలసీలోనే షరతు ఉంటుంది. రోడ్డుమీద చూపిన ఔదార్యం తరువాత క్లెయిముకు అడ్డు కావచ్చు. ఏ పరిస్థితిలోనయినా పేరు, చిరునామా అడిగితే ఇవ్వడం మాత్రం డ్రైవరు బాధ్యత; అడిగేవాడు తనవి కూడా ఇవ్వాలి.

అందరూ లేచి వెళుతుండగా కారు డ్రైవరు గేటు దగ్గర ఆగాడు. "నా జీతం సంగతి అడగలేదు మాస్టారూ" అన్నాడు మెల్లగా. నిజమే. లెక్కలలో పడి నేను మరచిపోయినది అదొక్కటే. వెంటనే యజమానిని వెనుకకు పిలిచాను. మనువు చెప్పిన మాట చెప్పాను. "ఇతనికి చేతకాదంటే కుదుర్చుకున్న బాధ్యత మీది. చేతనవుననుకుంటే, హారను వినిపించిన తరువాత 'ఆపు' అని వెనుక సీటులోనుంచి మీరు కూడా అనగలిగేవారు గదా?" ఆయన కొంచెంసేపు ఏమీ అనలేదు. తరువాత, "సరే, కోయను లెండి" అన్నారు.

నిన్న ఆ కారు మళ్ళీ వెనుకకు వస్తుంటే చూశాను. యజమాని ముందుగా దిగి, వీధిలో నిలబడి, "రానీ, రానీ, ఆపు" అని చేయి ఊపుతున్నారు.